పోర్ట్: రేవా, గుమ్మమా, మోతా?

విశాఖలో ‘పోర్ట్’ అనని రోజు ఉండదు. పోర్ట్ స్టేడియం, పోర్ట్ హాస్పిటల్, పోర్ట్ క్వార్టర్స్ సరే. ఫోన్‌కి చార్జింగ్ పోర్ట్. సిగ్నల్ బాగా లేకపోతే నంబర్ పోర్ట్ పెట్టేస్తాం. ఇంటి ముందు కారు పెట్టుకోడానికి పోర్టికో. ఇన్నిటిలోనూ ఉన్నది ఒకే మాటా అంటే, కాదు. డిక్షనరీలో ఒకే స్పెల్లింగు కింద విడివిడిగా నాలుగైదు పదాలు నంబర్లు వేసి ఉంటాయి. వాటిని విడదీసి చూస్తే ఇంగ్లీషు పదజాలంలో పెద్ద ముక్కే చేతికొస్తుంది. పిల్లల చేత స్పెల్లింగులు బట్టీ పట్టించడం కంటే ఇది చాలా మేలు.

లాటిన్‌లో మూడు మాటలున్నాయి. పోర్టుస్ అంటే రేవు, పోర్టా అంటే గుమ్మం, పోర్టారే అంటే మోయడం. ఈ మూడూ ‘దాటడం, దాటించడం’ అనే ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చినవని భాషావేత్తలు చెబుతారు. సంస్కృతంలో అదే ధాతువు నుంచి ‘పారం’ వచ్చింది, అంటే అవతలి ఒడ్డు. ఒక విద్యలో ఒడ్డు చేరినవాడు పారంగతుడు. ఒడ్డు కనపడనిది అపారం. ఇంగ్లీషులో సొంతంగా మిగిలిన రూపాలు ఫెర్రీ, ఫేర్. ‘ప’ ఉండాల్సిన చోట ‘ఫ’ ఎందుకుందంటే, పితృ అనే చోట ఫాదర్, పాదం అనే చోట ఫుట్ అన్నట్టే.

మనకి బాగా తెలిసింది రేవు అర్థం. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ లోపలికి రావడంతో మన పోర్ట్ మొదలైంది. ఎయిర్‌పోర్ట్ ఆ రేవుని చూసి పెట్టుకున్న పేరే. ఆపర్చ్యూనిటీ కూడా ఈ ఇంటిదే: ఓడని రేవు వైపు తోసే గాలికి లాటిన్‌లో ఉన్న విశేషణం అది. తెరచాప మీద బతికేవాళ్లకి అంతకంటే మంచి అవకాశం ఇంకేముంటుంది!

ఈ రేవులోంచే, చాలామందిని తికమక పెట్టే అర్థం ఒకటి పుట్టింది. ఓడకి ఎడమ పక్కని పోర్ట్ అంటారు, కుడి పక్కని స్టార్‌బోర్డ్. దీనికీ నక్షత్రాలకీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ‘స్టేయోర్’ అంటే నడిపించడం, ఇప్పటి స్టీరింగ్‌కి చుట్టం. చుక్కాని ఓడ వెనక మధ్యలోకి రాకముందు, కుడి పక్కన కట్టిన పెద్ద తెడ్డుతో ఓడని తిప్పేవాళ్లు. ఆ పక్కని గట్టుకి ఆనిస్తే తెడ్డు విరుగుతుంది. అందుకని ఎడమ పక్కనే రేవుకి ఆనించేవాళ్లు, సరుకు ఎక్కించడం దించడం అటునుంచే. రేవు వైపు ఉండే పక్క కనక పోర్ట్. అంతకుముందు ఎడమ పక్కకి ‘లార్‌బోర్డ్’ అనే పేరుండేది. గాలి హోరులో లార్‌బోర్డ్, స్టార్‌బోర్డ్ ఒకేలా వినపడితే ఏమవుతుందో ఊహించండి. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్ మానేసి పోర్ట్ అనే అనాలని ఆదేశించింది. రెండేళ్లకి అమెరికా నౌకాదళమూ అదే చేసింది.

ఎడమ, కుడి అంటే పోదా? పోదు. ఓడ ముందుభాగం వైపు తిరిగి నిలబడ్డవాడి ఎడమ, వెనక్కి తిరిగి నిలబడ్డవాడికి కుడి అవుతుంది. పోర్ట్ మాత్రం మనిషి ఎటు తిరిగినా మారదు, అది ఓడకి చెందిన పక్క. సముద్రం నుంచి మన ఎంట్రన్స్ ఛానల్‌లోకి వచ్చే ఓడకి పోర్ట్ పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, స్టార్‌బోర్డ్ పక్క రాస్ హిల్. అదే ఓడ బయటికి వెళ్లేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ స్టార్‌బోర్డ్ వైపుకి వస్తుంది.

పోర్ట్ పక్క దీపం ఎరుపు, స్టార్‌బోర్డ్ పక్కది ఆకుపచ్చ. ఒక్కొక్కటీ తిన్నగా ముందు నుంచి తన పక్కకి 112.5 డిగ్రీల మేర మాత్రమే కనపడాలని అంతర్జాతీయ నిబంధన. 50 మీటర్లు దాటిన ఓడ దీపం కనీసం 3 నాటికల్ మైళ్లు, అంటే అయిదున్నర కిలోమీటర్ల దాకా కనపడాలి. రాత్రి ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే హార్బర్ మీ కుడి చేతి వైపు ఉంటుంది. అటు వెళ్లే ఓడ మీకు ఆకుపచ్చ చూపిస్తుంది, భీమిలి వైపు సాగేది ఎరుపు చూపిస్తుంది. రెండూ కనపడకుండా తెల్ల దీపాలే వెలుగుతుంటే అది చాలావరకు లంగరు వేసి ఉన్న ఓడ. గుర్తుంచుకోడానికి తేలిక దారి: ఇంగ్లీషులో రాస్తే లెఫ్ట్‌కీ పోర్ట్‌కీ నాలుగేసి అక్షరాలు, పోర్ట్ అనే వైన్ రంగూ ఎరుపే.

ఆ వైన్ పేరు మాత్రం ఊరి పేరు. పోర్చుగల్‌లో డౌరో నది సముద్రంలో కలిసేచోట ఉన్న పోర్టో నుంచి ఎగుమతి అయ్యేది కనక ఆ పేరు. అసలు పోర్చుగల్ అన్న దేశం పేరే అక్కడి పాత రేవు పేరు, పోర్టుస్ కాలే.

ఇక గుమ్మం. ఓడ గోడకున్న గుండ్రటి కిటికీ పోర్ట్‌హోల్. ఇంటి ముందు స్తంభాల మీద నిలిచే పోర్టికో పోర్టా నుంచే, ఇటాలియన్ మీదుగా వచ్చింది. చార్జింగ్ పోర్ట్ కూడా గుమ్మమే: కరెంటూ డేటా వచ్చిపోయే ద్వారం. టైప్ సీ గుమ్మం మధ్యలో సన్నటి నాలుక ఉంటుంది, పూర్తి స్థాయి పోర్ట్‌లో దాని రెండు వైపులా కలిపి 24 కాంటాక్టులు. కేబుల్ లోపలికి పూర్తిగా దిగక వదులుగా ఊగుతుంటే, చాలాసార్లు కారణం అడుగున గట్టిపడ్డ జేబు నూగు. ఫోన్ ఆఫ్ చేసి, సన్నటి చెక్క పుల్లతో నాలుక చుట్టూ మెల్లగా గీరి తీయాలి. గుండుసూది వద్దు, నాలుక విరిగినా కాంటాక్టులు వంగినా రిపేరు ఫోన్ లోపలి బోర్డు దాకా పోతుంది. తడి ఉండగా చార్జింగ్ పెడితే కాంటాక్టులు తుప్పు పడతాయి, మన ఉప్పు గాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

నెట్‌వర్క్ పోర్ట్‌కి పిన్నులుండవు, నంబరే ఉంటుంది. ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా, అపార్ట్‌మెంట్ అయితే పోర్ట్ ఫ్లాట్ నంబరు. అది 16 బిట్ల సంఖ్య, అందుకే 0 నుంచి 65535 దాకానే. వెబ్‌సైట్లకి 80, భద్రత ఉన్నవాటికి 443. ‘పోర్ట్ ఇప్పటికే వాడకంలో ఉంది’ అని ఎర్రర్ వస్తే ఆ నంబరు మీద వేరే ప్రోగ్రామ్ కూర్చుని ఉందని అర్థం. దాన్ని ఆపాలి, లేదా మీది వేరే నంబరుకి మార్చాలి.

నంబర్ పోర్ట్ పెట్టడంలో ఉన్నది ఈ గుమ్మం కాదు, మోత. నంబరుని మోసుకుని ఇంకో కంపెనీకి పోవడం. దేశమంతటా ఇది 2011 జనవరి 20న మొదలైంది. ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు వేసి 1900కి పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండకపోయినా, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉన్నా, సిమ్ మార్చి ఏడు రోజులు కాకపోయినా కోడే రాదు. కోడ్ ఎందుకు రాలేదని కొత్త కంపెనీ షాపువాణ్ణి అడిగి లాభం లేదు, ముందు ఈ మూడూ చూసుకోండి.

ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, సపోర్ట్, రిపోర్ట్ అన్నీ మోతలే. వీటిలో ఎవరూ ఊహించనిది స్పోర్ట్. పాత ఫ్రెంచిలో ‘దెస్పోర్ట్’ అంటే పనుల మీంచి మనసుని పక్కకి మోసుకుపోయేది, కాలక్షేపం. ఇంగ్లీషులో ముందు భాగం అరిగిపోయి స్పోర్ట్ మిగిలింది. పోర్టర్‌లో మాత్రం ఇద్దరున్నారు. స్టేషన్లో సామాను మోసే పోర్టర్ పోర్టారే నుంచి వచ్చాడు. ఇంగ్లండ్‌లో కాలేజీల గేటు దగ్గర కూర్చునే పోర్టర్ పోర్టా నుంచి వచ్చాడు. స్పెల్లింగు ఒకటే, పదాలు రెండు.

చూడ్డానికి చుట్టాల్లా ఉండి కానివీ ఉన్నాయి. పోర్ట్రెయిట్ ‘బయటికి లాగడం’ అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది, బొమ్మ గీయడమంటే ఆకారాన్ని బయటికి లాగడమే కదా. పోర్షన్ అంటే వాటా, దానికి దగ్గరి చుట్టం పార్ట్. కాబట్టి ఎంవీపీ కాలనీలో ‘పోర్టికోతో డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ అద్దెకు’ అన్న బోర్డు కనపడితే, అందులో గుమ్మం ఇంటి మాట పోర్టికో ఒక్కటే.