రాజు బల్ల దగ్గర మెఫీబోషెతు

సమూయేలు రెండవ గ్రంథం తొమ్మిదవ అధ్యాయం ముగిసే తీరు గమనించదగినది. సౌలు రాజు మనవడు, యోనాతాను కుమారుడు అయిన మెఫీబోషెతు యెరూషలేములో నివసిస్తూ ఎల్లప్పుడూ దావీదు రాజు బల్ల దగ్గరే భోజనం చేసేవాడని చెప్పిన వెంటనే, అతని రెండు కాళ్లూ కుంటివని లేఖనం మరోసారి చెబుతుంది. అయిదేళ్ల వయసులో, దాది అతణ్ణి ఎత్తుకొని పారిపోతుండగా పడి కుంటివాడైన ఆ మనిషికి అధ్యాయం చివర కూడా కాళ్లు బాగుపడలేదు. అయినా రాజకుమారులలో ఒకడిగా అతనికి చోటు దొరికింది.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం సంఘంలో పరిచర్య మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా ఈ మాటను ధ్యానించాలని నా మనవి. ఆటిజం గాని, సెరిబ్రల్ పాల్సీ గాని ఉన్న బిడ్డను మందిరానికి తీసుకొచ్చిన తల్లికి తరచుగా మొదట ఎదురయ్యేది స్వస్థత ప్రార్థన. ప్రార్థించవలసిందే. కానీ మార్పు కనిపించనప్పుడు మాట ఆమె విశ్వాసం మీదికి, ఆ ఇంటివారి పాపం మీదికి మళ్లుతుంది. పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు అడిగినదీ అదే. అతడు గాని, అతని కన్నవారు గాని పాపం చేయలేదని ప్రభువు చెప్పిన తరువాత (యోహాను 9:3) ఆ ప్రశ్నను మళ్లీ లేవనెత్తే అధికారం మనకు లేదు.

దావీదు దయ ఏర్పాట్లతో కూడినది. సౌలు కుటుంబంలో ఎవరైనా మిగిలారా అని తానే విచారించాడు, లోదెబారులో ఉన్నాడని తెలియగానే మనుషులను పంపి రప్పించాడు, అతని భూమి సాగుకు సౌలు సేవకుడైన సీబాను, సీబా పదిహేనుమంది కుమారులను, ఇరవైమంది పనివారిని నియమించాడు. మనమూ ఆరాధనకు రావడం మానేసిన కుటుంబాలను వెదకుతూ వారి ఇళ్లకు వెళ్లాలి. బిడ్డకు ఏది భయం, ఏది ఇష్టం, మాట రాకపోతే ఆకలిని ఎలా తెలుపుతాడు అన్నవి తల్లినే అడిగి తెలుసుకోవాలి. డ్రమ్స్, స్పీకర్ల మోతకు చెవులు మూసుకొని ఏడ్చే బిడ్డది మొండితనం కాదు, దయ్యం పట్టడమూ కాదు. ఆ శబ్దం అతనికి నిజంగానే బాధ. స్పీకర్లకు దూరంగా ఒక గది, సండే స్కూల్‌లో పాట, కథ, ప్రార్థన ఏ వరుసలో వస్తాయో చూపే బొమ్మల పట్టిక, ప్రతి వారం మారకుండా ఉండే సహాయకులు, అదీ ఒంటరిగా కాక ఎప్పుడూ ఇద్దరు పెద్దలు: మొదలుపెట్టడానికి ఇవి చాలు.

వైకల్య ధ్రువపత్రం కోసం జరిగే సదరం శిబిరానికి ఆ కుటుంబానికి తోడు వెళ్లడం కూడా పరిచర్యే. వైకల్యం గలవారి హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలను గుర్తించిన సంగతి గాని, మేధో వైకల్యం గలవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉందన్న సంగతి గాని చాలామంది తల్లిదండ్రులకు చెప్పేవారు లేరు.

అయితే ఆ గది వేరొక సంఘంగా మారకూడదు. బలహీనంగా కనబడే అవయవాలే మరింత అవసరమని పౌలు రాసింది (1 కొరింథీయులకు 12:22) ఒకే శరీరం గురించి. అందుకే క్రిస్మస్ కార్యక్రమానికి పాత్రలు పంచే రోజునే, ఎవరు ఏమి చేయగలరో తల్లిదండ్రులను అడిగి, ఈ పిల్లల పేర్లను కూడా మిగతా పిల్లల పేర్లతో కలిపి రాయాలి.