టికెట్టు కథ దాటి

చిన్నదాని ఉపన్యాసం కాగితం చూసిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. రాజ్యాంగ దినోత్సవానికని బళ్ళో ఇచ్చారు. అరపేజీ. పైన రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది ఆడవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. దాక్షాయణీ వేలాయుధన్ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మిగతాదంతా 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయ్ దేశ్‌ముఖ్), టికెట్టు లేదని నెహ్రూని ఆపిన కథ. అంతే, జైహింద్. రాజ్యాంగ సభ ఇంకా మొదలే కాలేదు, ఉపన్యాసం మాత్రం అయిపోయింది.

"పిల్లలకి కథలే గుర్తుంటాయి, వదిలెయ్" అన్నారు మావారు. వదలబుద్ధి కాలేదు. దుర్గాబాయమ్మ గారు ఎప్పటికీ ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉండాలా? రాజ్యాంగ సభ లోపలికెళ్ళి కూర్చున్నాక ఏం చేశారో ఎవరు చెప్తారు? అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆవిడ. రాజ్యసభకి వెళ్ళాలంటే కనీసం 35 ఏళ్ళు ఉండాలన్న ప్రతిపాదన వస్తే, 30 చాలని సవరణ పెట్టి నెగ్గించుకున్నారు. తెలివి వయసుని బట్టి రాదని ఆవిడ వాదన. ఈ కాలం పిల్లలు పౌరశాస్త్రం చదువుకుని పెరుగుతున్నారు, వాళ్ళకి తమ హక్కులేమిటో తెలుసు అన్నారు. అప్పటికి ఆవిడకింకా నలభై నిండలేదు. ఈ రోజుకీ రాజ్యసభకి 30 ఏళ్ళే. బళ్ళో పిల్లల గురించి సభలో మాట్లాడిన మనిషి గురించి బళ్ళో పిల్లలకి చెప్పే కాగితంలో ఈ ముక్క లేదు!

అదే సభలో అస్సాం నుంచి వచ్చిన ఒక సభ్యుడు, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకి రక్షణ కల్పించే అధికరణం ఒక్కటీ పెట్టలేదని వాపోయాడు. ఆఫీసుల్లోనూ చట్టసభల్లోనూ ఆడవాళ్ళు తమని తోసేస్తున్నారట. మూడొందల మంది దాకా ఉన్న సభలో ఆడవాళ్ళు పదిహేను మంది! వాళ్ళలోనూ అందరూ చివరిదాకా ఉండలేదు. సరోజినీ నాయుడు గవర్నరుగా వెళ్ళిపోయారు, విజయలక్ష్మీ పండిట్ రాయబారిగా వెళ్ళారు, లీలా రాయ్ దేశ విభజనకి నిరసనగా రాజీనామా చేశారు. మిగిలిన ఆ కొద్దిమందీ ఇలాంటి మాటలు వింటూ, మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చున్నారు. తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

దుర్గాబాయమ్మ అంటే నాకు మా పెద్దమ్మమ్మే గుర్తొస్తుంది. దుర్గాబాయమ్మ పెట్టిన ఆంధ్ర మహిళా సభలో, చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని తక్కువ కాలంలో పరీక్షకి తయారు చేసే కండెన్స్‌డ్ కోర్సు చదివిన మనిషి. చిన్నప్పుడే పెళ్ళయి, భర్త పోయి, అన్నగారింట్లో వంటా వార్పూ చేస్తూ ముప్పయ్యో పడిలో పడ్డాక మెట్రిక్కి కట్టింది. లెక్కలు రాయడానికి కాగితాలు ఉండేవి కావట. కేలండరు షీట్లు చింపి వెనక రాసుకునేదిట, ఒక్కో షీటు రెండుసార్లు, ముందు పెన్సిలుతోనూ, దాని మీదే తర్వాత సిరాతోనూ. ఆల్జీబ్రా అర్థం కాక ఏడిస్తే పక్క మంచం ఆవిడ, "దుర్గాబాయమ్మ కూడా ఇంట్లో కూచుని చదివే బెనారస్ మెట్రిక్ కట్టింది, నువ్వేం తక్కువ తిన్నావు" అందిట. ప్యాసైంది, టీచరైంది. మొదటి జీతం రాగానే అన్నగారింట్లోంచి తన ట్రంకు పెట్టె తెచ్చుకుంది. చివరి రోజుల్లో పింఛను పుస్తకం మీద సంతకం పెట్టాలంటే కళ్ళజోడు తుడుచుకుని, ఇంటిపేరుతో సహా ప్రతి అక్షరం విడివిడిగా రాసేది. వెనకాల ఎంతమంది నిలబడినా తొందరపడేది కాదు.

టికెట్టు కథ ఆవిడా చెప్పేది. కానీ ఆవిడ చెప్పేటప్పుడు నెహ్రూ పెద్దగా ఉండేవాడు కాదు. నిర్వాహకులు వచ్చి పిల్లని కోప్పడటం, మీరు చెప్పిన పనే చేశానని పిల్ల అనడం, వాళ్ళే టికెట్టు కొని తెచ్చేదాకా కదలకపోవడం, ఇదీ కథ. రాస్తుంటే ఇప్పుడనిపిస్తోంది, సభలోనూ ఆవిడ చేసింది అదే కదా, నియమం అందరికీ ఒకటేనని పట్టుబట్టడం. కాబట్టి ఆ కథ తీసెయ్యక్కర్లేదు. దాని తర్వాత వయసు సవరణ గురించి నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు.

కానీ నన్ను అసలు నిద్రపోనివ్వనిది వేరు. ఆ పదిహేను మందిలోని వాళ్ళే చట్టసభల్లో ఆడవాళ్ళకి రిజర్వేషన్లు వద్దన్నారు. 1946 డిసెంబరులో హంసా మెహతా, మా మహిళా సంఘం ఎన్నడూ రిజర్వుడు సీట్లు అడగలేదని సభలో చెప్పారు, మాకు కావలసింది న్యాయం అన్నారు. రేణుకా రాయ్ అయితే, అది ఆడవాళ్ళ తెలివికీ సామర్థ్యానికీ అవమానమన్నారు. సాయంత్రం ఇది చదివినప్పుడు నాకు వాళ్ళ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆనాడే అడిగి ఉంటే, 2023 దాకా చట్టం కోసం ఎదురు చూసే పని ఉండేదా? ఆ వచ్చిన మూడోవంతు సీట్లు కూడా ముందు జనగణన, తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అంటూ ముడిపెట్టి ఇచ్చారు.

తర్వాత నెమ్మదిగా ఆలోచించాను. వాళ్ళకి రిజర్వేషన్ అంటే తెలిసింది బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టం. ఆడవాళ్ళకి సీట్లిస్తూనే మతాలవారీగా విడగొట్టిన చట్టం. మహిళా సంఘాలు దాన్ని వద్దని, వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు కావాలని కొట్లాడాయి. సభ జరుగుతుండగానే దేశం రెండు ముక్కలైంది. ఆ పదిహేను మందిలో ఒకరైన బేగం ఐజాజ్ రసూల్ ముస్లిములకి కూడా రిజర్వేషన్ వద్దన్నారు. ఆ రోజుల్లో ఆ బెంచీ మీద నేను కూర్చున్నా వాళ్ళ మాటే చెప్పేదాన్ని. అందరికీ ఓటు వస్తోంది, సగం ఓట్లు మనవే, ఇక ఎవరాపుతారు అనుకుని ఉంటారు.

తీరా 1952 ఎన్నికల్లో దుర్గాబాయమ్మే ఓడిపోయారు. ప్రణాళికా సంఘానికి వెళ్ళారు, సాంఘిక సంక్షేమ బోర్డు నడిపారు, కానీ పార్లమెంటులో మాత్రం ఆ గొంతు మళ్ళీ వినిపించలేదు. రేణుకా రాయ్ 1957లో గెలిచి వచ్చారు. ఇదంతా చూశాక నాకు ఆ పదిహేను మంది మీద కోపం లేదు. సామర్థ్యం ఉన్న స్త్రీని ఎవరూ పక్కన పెట్టరని వాళ్ళు పక్కనున్న మగవాళ్ళని నమ్మారు. ఎన్నికలప్పుడల్లా అభ్యర్థుల జాబితాలు రాసుకుంటూ వచ్చినవాళ్ళు ఆ నమ్మకం నిలబెట్టలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 543 మందిలో 74 మంది ఆడవాళ్ళు గెలిచారు. ఆ జాబితాలు రాసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ పిల్లల కాగితంలోనూ ఉండవు.