లేబర్ క్యాంపుల్లో బీపీ కార్యక్రమం: లెక్క ఎక్కడ తప్పుతుందంటే

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు రేకుల షెడ్లలో ఉండే వలస కూలీలకు బీపీ, షుగర్ పరీక్షలు చేసే కార్యక్రమాలు చాలానే నడుస్తాయి. ఆరు నెలలయ్యాక రిపోర్టులో ముందుగా కనిపించేది ‘ఇంతమందికి పరీక్షలు చేశాం’ అన్న అంకె. అది చేసిన పనికి లెక్క. ఎవరికి మేలు జరిగిందో అందులో తెలియదు.

అసలు చిక్కు దేనితో భాగిస్తున్నామన్న దగ్గరే ఉంది. మొదట 200 మందికి బీపీ ఎక్కువని తేలిందనుకుందాం. ఆరు నెలలకు 80 మందే దొరికారు, వాళ్లలో 48 మందికి 140/90 కంటే కిందికి దిగింది. 80తో భాగిస్తే 60 శాతం, 200తో భాగిస్తే 24. రెండూ రాయాల్సిందే. దొరకని 120 మందిలో సైటు మారినవాళ్లుంటారు, ఒంట్లో బాగాలేక ఊరికి పోయినవాళ్లూ ఉంటారు. వాళ్లని వదిలేస్తే మిగిలేది బాగున్నవాళ్ల లెక్కే. అందుకని పేరు రాసుకునే రోజే మూడు ఫోన్ నంబర్లు తీసుకోవాలి: సొంతది, మేస్త్రీది, ఊళ్లో ఇంటివాళ్లది. సిమ్ మారినా ఊరి నంబరు చాలాసార్లు పనికొస్తుంది. రెండో విడత కొలత ఛఠ్ పండుగ రోజుల్లో పెడితే బీహారీలు దొరకరు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లు వానలకు ముందే వెళ్లిపోతారు.

ఇంకో మోసం ఉంది. మొదటిరోజు బీపీ ఎక్కువ వచ్చినవాళ్లనే మళ్లీ కొలిస్తే, ఏ మందూ ఇవ్వకపోయినా సగటు కొంత తగ్గుతుంది. మెట్లెక్కి, బీడీ కాల్చి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే అంకె ఎక్కువే చూపిస్తుంది. టీ, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. వీపు ఆన్చి అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. కార్యక్రమం ఇంకా మొదలవని క్యాంపుల్లోనూ ఇలాగే కొలిస్తేనే, ఆ తగ్గుదలలో మన వాటా ఎంతో బయటపడుతుంది.

ఎంతమంది కావాలి? అదుపులో ఉన్నవాళ్లు 30 శాతం నుంచి 40కి పెరిగారని గట్టిగా చెప్పాలంటే ఒక్కో వైపు, అంటే కార్యక్రమం నడిచిన క్యాంపుల్లోనూ నడవని క్యాంపుల్లోనూ, సుమారు 355 మంది. ఒకే క్యాంపువాళ్ల తిండీ పనీ ఒక్కలాంటివే కాబట్టి ఇది చాలదు. క్యాంపుకు 25 మంది చొప్పున తీసుకుని, వాళ్ల మధ్య పోలిక (అసలు లేకపోతే 0, అందరూ అచ్చం ఒకేలా ఉంటే 1) 0.02 అనుకుంటే 1.48తో (1 + 24 × 0.02) హెచ్చించాలి, అంటే దాదాపు 525. చివరికి దొరకనివాళ్ల కోసం ఇంకా కలపాలి.

అమెరికాలో మెక్సికన్ వలసదారుల మధ్య ‘ప్రొమోతోరా’లు పనిచేస్తారు. అదే సమాజం నుంచి వచ్చి, అదే స్పానిష్‌లో మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు. ఇక్కడా ఒడియా, హిందీ బాగా వచ్చినవాళ్లు ఉంటేనే మాట లోపలికి వెళ్తుంది. అయితే సలహా ఇచ్చిన మనిషినే ప్రశ్నలు అడగడానికి పంపకూడదు. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అన్నిటికీ ‘హా దీదీ’ అనేస్తారు.

‘గోలీలు వేసుకుంటున్నారా’ అంటే జవాబు ఎలాగూ అవుననే. స్ట్రిప్పులు తెమ్మని లెక్కపెట్టండి. రోజుకొకటి చొప్పున 30 ఇచ్చి 20 రోజులైతే 10 మిగలాలి. 22 ఉంటే ఎందుకో నెమ్మదిగా అడగాలి, 2 ఉన్నా అడగాలి: పక్క మంచం మనిషికి పంచి ఉండొచ్చు. అసలు స్ట్రిప్పే లేకపోతే, పని దిగేసరికి బస్తీ దవాఖానా మూసేసి ఉండటం వల్ల మళ్లీ తెచ్చుకోలేదేమో. ఆ కారణం రాయడానికి ఫారంలో ఖాళీ గడి ఒకటి పెట్టండి, అవును-కాదు టిక్కులు మాత్రమే వద్దు.