క్యోటోలో ఒక టోపీ బేరం

జపాన్‌లోని క్యోటోలో, తోజి గుడి ఆవరణలో ప్రతి నెలా 21న పాత సామాను సంత జరుగుతుంది. ఆ ఒక్క రోజు కోసమే క్యోటో ప్రయాణం ఆ వారానికి పెట్టుకున్నాను. గది అద్దె చూస్తే గుండె ఝల్లుమంది. నిలబడి బట్టలు మార్చుకోవడానికి కూడా చోటు లేని గదికి మన ఊళ్ళో నెల అద్దె పోసినట్టయింది. అయినా వెనక్కి తగ్గలేదు.

జపాన్ సైనికుల పాత టోపీలు పోగుచేయడం నాకు తాతయ్య నుంచి వచ్చింది. ఆయన రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, బియ్యం మిల్లులో పనిచేసేవాడు. 1942 మార్చిలో రంగం జపాన్ చేతికి చిక్కినప్పుడు జ్వరంతో పడి ఉన్నాడు. మన దేశానికి నడిచి వచ్చేసినవాళ్ళతో కలవలేకపోయాడు. యుద్ధం ముగిశాకే సోంపేట చేరాడు. చిన్నప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి, తువ్వాలు నెత్తిన వేసుకుని, దాని కొసలు మెడ మీదికి జారవిడిచి, "జపానోడి టోపీ ఇదిగో, ఇలాగుండేది" అని చూపించేవాడు. అది ఎండ తగలకుండా టోపీ వెనక తగిలించే బోతారె అని, నాలుగు గుడ్డ ముక్కలని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

సంతకి ముందు రోజు క్యోటోలోనే ఉన్న ఫుషిమి వెళ్ళాను. కేహాన్ రైల్లో ఫుజినోమొరిలో దిగాలి. 1941 దాకా ఆ స్టేషన్ పేరు షిదాన్‌మాయె, అంటే డివిజన్ ఎదురు. జపాన్ సైన్యంలో వేలమంది ఉండే పెద్ద దళాన్ని డివిజన్ అంటారు, పదహారో డివిజన్ కార్యాలయం అక్కడే ఉండేది. 1908లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం ఇప్పుడు బడి ఆవరణలో ఉంది. గేటు బయటి నుంచే చూశాను. దగ్గర్లోని కాలువ మీద షిదాన్ వంతెన, దాని ఇనుప దూలం మీద అయిదు మొనల నక్షత్రం. ఇంట్లో నా టోపీల నుదుటి మీద ఉన్నదీ అదే నక్షత్రం. ఇన్నేళ్ళూ పసుపు గుడ్డ ముక్కగా చూసినదాన్ని ఇనుములో చూసేసరికి ఒళ్ళు జలదరించింది. సంతోషమూ కలిగింది, కడుపులో దేవినట్టూ అయింది. ఈ డివిజన్ 1937లో చైనాలోని నాన్‌జింగ్‌లో ఉంది. అక్కడ జపాన్ సైన్యం చేసిన మారణకాండ లోకానికి తెలుసు. 1944లో ఫిలిప్పీన్స్‌లోని లేతే దీవిలో ఇదే డివిజన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ వంతెన మీద అరగంట నిలబడ్డాను. సైకిళ్ళ మీద పిల్లలు బడి నుంచి వెళ్తున్నారు.

మర్నాడు తెల్లారకుండానే తోజి చేరాను. ఎర్రగడ్డ సండే మార్కెట్ తెలిసినవాళ్ళకి ఈ సంత కొత్తగా ఏమీ అనిపించదు. నేల మీద పట్టాలు, పాత కిమోనోలు, తుప్పు పట్టిన కత్తెరలు, పక్కనే ఊరగాయల దుకాణం. తేడా ఒక్కటే, ఎవరూ కేకలు వెయ్యరు. రెండు మూడు చోట్ల టోపీలు కనిపించాయి గానీ అన్నీ కొత్తగా కుట్టినవే. నకిలీ నోట్లు పట్టుకునే చిన్న నీలం టార్చి నా జేబులో ఉంటుంది. దాని కింద ఈ కాలం దారం తెల్లగా మెరిసిపోతుంది. పాత నూలు మెరవదు.

డెబ్బై అయిదు దాటిన ఒక పెద్దాయన దగ్గర అసలుది దొరికింది. ఖాకీ రంగు సెన్బో, యుద్ధరంగంలో పెట్టుకునే మెత్తటి టోపీ. నుదుటి దగ్గర చెమట మరక నల్లగా గట్టిపడి ఉంది. వెనక బిగించుకునే తాడు సగం తెగింది. లోపల షోవా 17 అని ముద్ర, జపాన్ రాజుగారి పాలన లెక్కలో పదిహేడో ఏడు, అంటే 1942. తాతయ్య రంగంలో చిక్కుకుపోయిన ఏడాది. పక్కనే చేత్తో కుట్టిన చిన్న తెల్ల గుడ్డ, దాని మీద సిరాతో పేరు. టార్చి వేశాను, ఎక్కడా మెరవలేదు.

ధర 18,000 యెన్. మన లెక్కలో పదివేల దాకా. తగ్గించమంటే తల అడ్డంగా ఊపాడు. సరే అని డబ్బు తీశాను. ఆయన టోపీని ఒళ్ళో తిరగేసి, చిన్న కత్తెర తీసి, ఆ పేరు గుడ్డ కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సైనికుల టోపీ మీద రెజిమెంటు, అంటే డివిజన్‌లోని ఒక దళం, గుర్తు ఉండదు. పాత రోజుల్లో కాలరు మీద ఇత్తడి అంకె ఉండేది, 1938లో కొత్త యూనిఫాం వచ్చాక అదీ పోయింది. రాజుగారి అంగరక్షక దళం టోపీకి మాత్రం నక్షత్రం చుట్టూ చెర్రీ కొమ్మలు ఉంటాయి, మిగతా అందరిదీ ఒకటే నక్షత్రం. ఆ రోజుల్లో జపాన్‌లో రెజిమెంటంటే ఊరు. క్యోటో కుర్రాళ్ళు తొమ్మిదో రెజిమెంటుకి, నారా వాళ్ళు ముప్పై ఎనిమిదికి. రంగాన్ని పట్టుకున్న 33వ డివిజన్‌లో టోక్యోకి ఉత్తరాన తోచిగి, గున్మా వైపు వాళ్ళు. పేరు పట్టుకుని ఊరికి, ఊరు పట్టుకుని రెజిమెంటుకి వెళ్ళాలి. పేరు పోతే దారి మూసుకుపోయినట్టే.

ఫోన్‌లో అనువాదం పెట్టి ఇదంతా చెప్పాను. పేరు ఉంచితే ఇంకో రెండు వేలు ఇస్తానన్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు, "ఇది ఆ ఇంటివాళ్ళది. నేను అమ్మేది టోపీ వరకే."

నాకు కోపం వచ్చింది. దాచడం ఎందుకు, ఇంత దూరం వచ్చినవాడికి ఇంత చిన్న సాయం చెయ్యలేరా అని తెలుగులోనే అనేశాను. ఆయన బల్ల కింద నుంచి ఒక టీ డబ్బా తీసి మూత తెరిచాడు. నిండా ఇలాంటి గుడ్డ ముక్కలే. పసుపుబారినవి, సిరా అలుక్కుపోయినవి, ఒకటి గోధుమరంగు మరకతో. వెతుక్కుంటూ వచ్చిన బంధువులకి ఇస్తాడట. ఇన్నేళ్ళలో ఇద్దరు వచ్చారట.

నా నోట మాట రాలేదు. రంగంలోనే చనిపోయిన తాతయ్య స్నేహితుడు ఒకడు గుర్తొచ్చాడు. అతని పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన మిగిలిన కుట్లు విప్పాడు. డబ్బాలో వేసేముందు నాకేసి చూసి, పేరు పైకి చదివాడు, నాకు అర్థమయ్యేలా రెండుసార్లు. తర్వాత మూత పెట్టాడు. ఆ పేరు ఇక్కడ రాయను.

టోపీ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. లోపల ముద్ర పక్కన, చెమట పట్టని చదరపు చోటు చుట్టూ, సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి.