పచ్చని గోంగూర, 46 మైక్రోగ్రాముల సీసం

నా రక్తంలో డెసిలీటరుకు 46 మైక్రోగ్రాముల సీసం ఉందని రిపోర్టు వచ్చేసరికి మూడు నెలలుగా ఐరన్ మాత్రలు మింగుతున్నాను. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నీరసం, అయినదానికీ కానిదానికీ చిరాకు. హిమోగ్లోబిన్ 10 దాటడం లేదు. ఫెర్రిటిన్ చూస్తే మామూలుగానే ఉంది. ఒంట్లో ఇనుము ఉండి కూడా రక్తం పట్టడం లేదంటే వేరే కారణం వెతకాలి. రక్తానికి కావలసిన హీమ్ తయారయ్యేటప్పుడు అందులో ఇనుమును చేర్చే ఎంజైమును సీసం పనిచేయనివ్వదు. అలాంటప్పుడు మాత్రలు ఎన్ని మింగినా ఒకటే.

దారి చూపించింది బ్లడ్ స్మియర్, అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసే పరీక్ష. ఎర్రకణాల్లో నీలి చుక్కలు కనిపించాయి. "పెయింటు పని చేస్తారా? బ్యాటరీలు విప్పుతారా? భస్మాలేమైనా వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగారు. మూడో ప్రశ్న ఊరికే అడిగింది కాదు, నాగభస్మంలో నాగం అంటే సీసమే. అన్నిటికీ లేదన్నాను. "మరి ఆకుకూరలు ఎక్కడివి?" అన్నారు. పెరటివి. మందు చుక్క కూడా కొట్టనివి.

బెంగళూరు బసవనగుడిలో పాత ఇల్లు. కాంపౌండ్ గోడకీ కిటికీలకీ ఏళ్ల తరబడి వేసిన రంగు పొరలు. మళ్లీ రంగు వేసేముందు వాటిని పొడిగా గీకించారు, ఆ పెచ్చులన్నీ గోడ మొదట్లోనే రాలాయి. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందటి ఎనామెల్ పొరల్లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ రంగుల్లో, ఎంత ఉంటుందో గీకి పరీక్షిస్తే తప్ప తెలియదు. ఆ గోడ కిందే గోంగూర, తోటకూర, కొత్తిమీర, ముల్లంగి వేశాం.

మట్టి పరీక్షలో చాలామంది ఒకచోట పొరబడతారు. సాయిల్ హెల్త్ కార్డులో ఉదజని సూచిక (పీహెచ్), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు లాంటివి ఉంటాయి. సీసం ఉండదు. ల్యాబువాళ్లను "టోటల్ లెడ్" అని విడిగా అడగాలి. ప్లాస్టిక్ తాపీతో 15 సెంటీమీటర్ల లోతున నాలుగైదు చోట్ల తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో ఇస్తే చాలు. గోడ పక్క మట్టినీ మేడ మీద తొట్ల మట్టినీ కలిపేయకండి, సగటులో అసలు విషయం మాయమవుతుంది. మా గోడ పక్క కిలోకు 640 మిల్లీగ్రాములు వచ్చింది, తొట్లలో 28. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల మట్టికి పెట్టుకున్న హెచ్చరిక స్థాయిని 2024లో 400 నుంచి 200కి దించింది.

విచిత్రం ఏమిటంటే మొక్కలకు ఏమీ కాలేదు. గోంగూర ఏపుగా, నిగనిగలాడుతూ పెరిగింది. సీసం చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఆకులోకి ఎక్కేది తక్కువ. మనిషికి ఎక్కువగా చేరేది ఆకుకో చేతికో అంటిన మట్టివల్లే. వాన చినుకు నేలను కొట్టినప్పుడు చిందే బురద, గాలికి లేచే దుమ్ము, కలుపు తీసిన చేత్తోనే నోట్లో వేసుకునే వేరుశనగ గింజ. ఖాళీ కడుపున అయితే ఇంకా ఎక్కువ వంటబడుతుంది. పిల్లల పేగులు పెద్దవాళ్ల కంటే ఎన్నో రెట్లు పీల్చుకుంటాయి కాబట్టి ఇంట్లో పిల్లలుంటే వాళ్ల రక్తం ముందు చూపించాలి. వేలిమీద గుచ్చి తీసిన చుక్కలో చర్మం మీది దుమ్ము కలిసి అంకె పెరగొచ్చు, నరం నుంచి తీసిన రక్తంతోనే నిర్ధారించుకోవాలి.

సీసాన్ని బయటికి లాగే మందులు నాకు ఇవ్వలేదు. విషం ఇంకా లోపలికి వెళ్తుంటే అవి దండగ, ముందు మూలం ఆపాలన్నారు. క్యాల్షియం, ఇనుము, విటమిన్ సి తగినంత ఉండేలా చూశారు. క్యాల్షియం, ఇనుము తక్కువైతే పేగు సీసాన్ని మరింత పీలుస్తుంది. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి నెల చాలంటారు కానీ, ఎముకల్లో దాక్కున్నది మళ్లీ రక్తంలోకి ఊరుతూ ఉంటుంది. నాకు రెండు నెలలకు 31, ఆరు నెలలకు 19. నొప్పి నెలన్నరలో పోయింది, చిరాకు పోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఇక మట్టి. పొద్దుతిరుగుడు, ఆవ వేస్తే సీసం లాగేస్తాయని సలహాలు వచ్చాయి. మట్టిలో సీసాన్ని కరిగించే రసాయనం పోయకుండా అవి లాగేది నామమాత్రం. ఆ రసాయనం పోస్తే సీసం కరిగి బోరునీళ్ల వైపు దిగుతుంది. మేం చేసింది వేరు. గోడ వెంట మీటరు వెడల్పున నేలను తడిపి, నీళ్లు దిగనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఇటుకలు పేర్చి 30 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టాం. రెండు వంతులు కొత్త ఎర్రమట్టి, ఒక వంతు కంపోస్టు, ఒక వంతు కొబ్బరి పొట్టు. సిటీ కంపోస్టు కొంటే ల్యాబు రిపోర్టు అడగాలి, మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో దానికి సీసం హద్దు కిలోకు 100 మిల్లీగ్రాములు. మిగతా పెరటి మట్టి ఉదజని సూచిక 5.6 ఉంటే చదరపు మీటరుకు 200 గ్రాముల వ్యవసాయ సున్నం కలిపాం. ఆమ్ల నేలలో సీసం తేలిగ్గా కదులుతుంది, 6.5 పైన అంతగా కదలదు. పైన రెండంగుళాల ఎండుగడ్డి. చినుకు చిందకుండా ఆపేది అదే, నన్నడిగితే అన్నిటికంటే చవకైన మందు.

ఆకుకూరల్ని కుళాయి కింద ఊరికే తడిపితే చాలదు. గిన్నెలో లీటరు నీళ్లకు 10 మిల్లీలీటర్ల వెనిగర్ వేసి జాడించాలి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ రెండుసార్లు కడగాలి. ఉడికిస్తే సీసం పోదు. గోంగూర పులుసును కళాయి పూసిన ఇత్తడి గిన్నెలో కాచొద్దు. తగరంలో సీసం కలిపి పూసుంటే పులుపు దాన్ని లాగేస్తుంది. మా గిన్నె అటక ఎక్కింది.

కొత్త మడిలో ఇప్పుడు వంకాయ, టమాటా, చిక్కుడు ఉన్నాయి. కాయల్లోకి సీసం చేరేది బాగా తక్కువ. గోంగూర మేడ మీద తొట్లలోకి మారింది. ముల్లంగి మాత్రం బజారులోనే కొంటున్నాం.