పలమనేరు నుంచి కొండకు: దారిలో దిగిపోయిన బ్రేకు పెడలు

మా వైపు కూరగాయలు పండించే రైతుల్లో చాలామందికి తిరుమల అన్నప్రసాదానికి తమ వంతుగా ఒక బండి సరుకు పంపాలని ఉంటుంది. మా బామ్మర్దికీ ఎన్నాళ్లుగానో ఆ మొక్కు. జూన్‌లో టమాటా, గుమ్మడి, సొర పికప్పుకెత్తి తెల్లారకముందే పలమనేరులో బయల్దేరాం.

చిత్తూరు వైపు వెళ్లాలంటే ముందు మొగిలి ఘాటు దిగాలి. 2024 సెప్టెంబరులో బస్సు ప్రమాదంలో ప్రాణాలు పోయింది అక్కడే. లోడుతో ఉన్నాం కాబట్టి గేరు తగ్గించి, ఇంజను పట్టు మీదే నెమ్మదిగా దించాడు. బ్రేకు మీద పెద్దగా భారం పడలేదు. అందుకే లోపం అక్కడ బయటపడలేదు.

బయటపడింది బంగారుపాళెం దగ్గర. మామిడి సీజను. తోతాపురి కాయ నింపుకున్న ట్రాక్టర్లు రోడ్డు పక్క బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక ఆగాం. కాస్త పల్లంగా ఉన్న చోటు. బామ్మర్ది కాలు బ్రేకు మీదే ఉంది, అయినా బండి ముందుకు జారుతోంది.

"బావా, కాలు పెట్టుకోనే ఉండా, పెడలు కిందికి పోతానే ఉండాది" అన్నాడు. వెంటనే హ్యాండు బ్రేకు లాగమన్నాను. బండిని పక్కకు తీసి చక్రాలకు రాళ్లు పెట్టాం.

బానెట్టు ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బా నిండుగా ఉంది. చక్రాల లోపలి వైపు, పైపుల కీళ్లు, కింద నేల, అన్నీ పొడిగా ఉన్నాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. కారడం లేదు, ఆయిలు తగ్గలేదు, రెండుసార్లు కొడితే పెడలు గట్టిగా పైకొస్తోంది, ఇంకేం పరవాలేదనుకుని బండి తీస్తారు. కొడితే పైకొచ్చే పెడలును నమ్మకూడదు. కాలు ఒత్తి ఉంచినప్పుడు నిలబడుతుందా లేదా అన్నదే చూడాలి.

ఇంజను ఆపించి, కాలి బలాన్ని పెంచే బూస్టరులో మిగిలిన వాక్యూము పోయేదాకా పెడలు నాలుగైదుసార్లు కొట్టించాను. తర్వాత మెల్లగా ఒత్తి పట్టుకోమన్నాను. అర నిమిషం లోపే నేలకు ఆనింది. బలంగా తొక్కితే మాత్రం నిలబడింది. విడ్డూరంగా అనిపిస్తుంది గానీ దానికి కారణం ఉంది. పెడలు తొక్కితే ఆయిలును చక్రాల వైపు నెట్టేది మాస్టర్ సిలిండరు. అందులో పిస్టనుకు రబ్బరు కప్పులుంటాయి. వాటి అంచు అరిగితే, గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి ఆ అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది. మెల్లగా ఒత్తినప్పుడు అతుక్కోదు, ఆయిలు దాన్ని దాటి వెనక్కి డబ్బాలోకే చేరుతుంది. బయట చుక్క కనబడదు, డబ్బా తగ్గదు. సడన్ బ్రేకు బాగా పడుతోంది కదా అని ఇలాంటి బండిని నమ్ముకుంటే, వాలులో నెమ్మదిగా ఆపాల్సిన చోట ముంచుతుంది. తిరుమల ఘాటు దిగడమంటే అడుగడుగునా అదే పని. ఈ పెడలుతో కొండెక్కేది లేదని బామ్మర్దికి తేల్చి చెప్పాను. మొక్కు సంగతి ఎత్తలేదు వాడు, తలూపాడు.

దగ్గర్లోనే ఒక షెడ్డుందని ట్రాక్టరు వాళ్లు చెబితే కబురు పెట్టాం. అరవై దాటిన మేస్త్రీ మోపెడు మీద వచ్చాడు. మా మాట విన్నాడు గానీ దాని మీదే తీర్పు చెప్పలేదు. మాస్టర్ సిలిండరుకు తగిలించిన పైపులు విప్పి, ఆ రంధ్రాలకు తన దగ్గరున్న మరలు బిగించి మూసేశాడు. "ఇప్పుడు తొక్కు నాయనా" అన్నాడు. చక్రాలకు దారే లేదు కాబట్టి సిలిండరు బాగుంటే పెడలు రాయిలా ఆగాలి. ఆగలేదు, దిగిపోయింది. ఈ ఒక్క పరీక్షతో చక్రాలు, గొట్టాలు, డ్రమ్ములు అన్నిటి మీదా అనుమానం తీరిపోయింది.

"ఈ మధ్య బ్రేకు పని యాడైనా చేయించినారా సామీ?" అని అడిగాడు. చక్రాల్లో రాపిడికి అరిగే బ్రేకు లైనర్లు మార్పించామన్నాం. "పైపుల్లో చేరిన ఎయిరు తీసేటప్పుడు పెడలు నేలకు ఆనేదాకా కొట్టింటారు. పాత సిలిండరులో పిస్టను రోజూ తిరగని జాగాలో తుప్పు, మడ్డి ఉంటాది. ఆడికి పోతే కప్పు చీరుకుంటాది" అన్నాడు. సిలిండరు విప్పి చూపించాడు. లోపలి గోడ మీద వేలికి తగిలేంత గీత! కప్పుల కిట్టు వేస్తే చవకే గానీ ఆ గీత మళ్లీ వాటిని కోసేస్తుందన్నాడు. కొత్తది వేయమన్నాను. బ్రేకు దగ్గర చవక చూసుకోవడం నాకు నచ్చదు.

కుర్రాడు చిత్తూరు వెళ్లి సిలిండరు, సీలు తీయని డాట్ 4 రకం బ్రేకు ఆయిలు తెచ్చాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 మరగడానికి కనీసం 230 డిగ్రీల వేడి కావాలి. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. ఘాటు వేడికి లోపల ఆవిరి బుడగలు పుడితే అప్పుడూ పెడలు చేతులెత్తేస్తుంది. అందుకే ఎప్పుడో మూత తీసిన డబ్బా వాడనివ్వకూడదు. ఇక ఇంజను ఆయిలు చుక్క కూడా పడకూడదు, కప్పులు ఉబ్బిపోతాయి.

మేస్త్రీ కొత్త సిలిండరును నేరుగా బండికి బిగించలేదు. కదలకుండా బిగించి పట్టే వైసులో పట్టించి, ఆయిలు పోసి, రెండు చిన్న గొట్టాలు తగిలించి వాటి కొసలు డబ్బాలోనే ముంచాడు. పిస్టనును మెల్లగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా ఓపికపట్టాడు. బిగించాక దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో ఎయిరు తీశాడు. "తొక్కు… పట్టు… వదలొద్దు" అంటూ, చక్రం దగ్గర ఎయిరు బయటికి పోయే నిపులు మూశాకే కాలు ఎత్తనిచ్చాడు. పెడలు కింద చిన్న చెక్క పెట్టాడు, నేలదాకా పోకుండా. డబ్బా ఖాళీ కాకుండా చూడడం నా పని.

చివర్లో ఇంజను స్టార్టు చేస్తే పెడలు కొంచెం దిగి ఆగింది. బామ్మర్ది కంగారుపడ్డాడు. అది బూస్టరు అందుకోవడం, అలాగే ఉండాలి. దిగి ఆగడం వేరు, దిగుతూనే పోవడం వేరు.

చిత్తూరు దాటి, కాణిపాకం స్వామికి దారి నుంచే దండం పెట్టి, పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతి చేరేసరికి ఎండ వాలింది. అలిపిరి తనిఖీ దగ్గర బండి ఆగినప్పుడు బానెట్టెత్తి పైపుల నట్లు వేలితో తడిమాను. చెమ్మ లేదు. 1974లో తెరిచిన రెండో ఘాటులో ఎక్కి, వెంగమాంబ అన్నప్రసాద కేంద్రానికి సరుకు అప్పగించాం. టమాటా పైవరస కాస్త మెత్తబడింది, గుమ్మడి చెక్కుచెదరలేదు.

దిగేది 1944 నాటి మొదటి ఘాటులో. రెండో గేరులో, మలుపుకు ముందే బ్రేకు వేసి వదులుతూ దిగాం. ఒక్క మలుపులోనూ పెడలు జారలేదు. వెనక చక్రాల రబ్బరు గొట్టాలు కూడా పాతబడ్డాయని మేస్త్రీ చెప్పి పంపాడు. పలమనేరు చేరాక లోడు ఎత్తకముందే అవి మార్పించాడు బామ్మర్ది.