మేత సంచి నిండుగా తిరిగొచ్చిన రోజు

మూడేళ్ల కిందట, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. కైకలూరు దగ్గర మా చెరువు మీద మంచు ఇంకా విడవలేదు. పడవ మీద వెళ్లిన మేత కుర్రాడు వెదురుకు కట్టిన సంచి పైకి లాగి, "అమ్మాయిగారూ, తినలేదండీ" అన్నాడు. ముందురోజు పెట్టిన తవుడూ నూనెగింజల చెక్కా అలాగే ఉన్నాయి.

ఎండెక్కేసరికి గట్టువారన శీలావతి చేపలు చచ్చి తేలాయి. రెక్కల మొదట్లో, పొట్ట కింద ఎర్రమచ్చలు. ల్యాబ్‌లో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా అన్నారు. నాన్న యాంటీబయాటిక్ తెచ్చి మేతలో కలిపించారు. జబ్బుపడ్డ చేప మేతే ముట్టదు కదా, ఆ మందు దానికెలా చేరుతుంది? ఆరు రోజులు గోతులు తవ్వి పూడ్చాం. ఆ వాసన ఇప్పటికీ మరిచిపోలేను.

ఆ బ్యాక్టీరియా ఎక్కణ్నుంచో రాలేదు, చెరువు నీళ్లలో ఎప్పుడూ ఉండేదే. చేప ఒంటి జిగురే దానికి మొదటి అడ్డు. చేప పేను (చేప ఒంటికి పట్టుకునే పురుగు) కుట్టినా, వల రాసుకున్నా ఆ జిగురు పోతుంది. పైగా నీళ్లెంత చల్లగా ఉంటే చేప ఒళ్లూ అంతే చల్లబడి, రోగంతో పోరాడే శక్తి మందగిస్తుంది. మాకు ఆ మూడూ ఒకేసారి వచ్చాయి. డిసెంబరులో పట్టుబడికి వల లాగించింది మేమే.

మరుసటేడు కార్తీకంలో బీటా గ్లూకాన్ తెప్పించాను. ఈస్ట్ కణాల గోడ నుంచి తీసే పొడి. చేప ఒంట్లోని రక్షక కణాలు దాన్ని శత్రువు తునకే అనుకుని మేలుకుంటాయి.

"జబ్బే లేనప్పుడు మందేంటే?" అన్నారు నాన్న.

"తినేటప్పుడే పెట్టాలి నాన్నా. తిండి మానేశాక ఏం పెడతాం?"

ఒక్క చెరువుకే ఒప్పుకున్నారు. తవుడు సంచిలో కలిపితే పొడి నీళ్లపాలవుతుందని పిల్లెట్ (గుళికల) మేతకు చేపనూనెతో పట్టించి, నీడన ఆరబెట్టి మూడు వారాలు వేశాం. విటమిన్ సి కూడా కలిపాం, చేప దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు మరి. ఆ చలికాలం ఆ చెరువులో చావులు బాగా తగ్గాయి. ముందే పేనుకు మందు కొట్టాం, మంచులో వల దించలేదు. కాబట్టి ఘనతంతా పొడిదే అనను.

ఇది టీకా కాదు, కొన్ని వారాలకు ప్రభావం తగ్గిపోతుంది. నార్వే సాల్మన్ సాగులో 1987లో దాదాపు 48 టన్నుల యాంటీబయాటిక్‌లు వాడారు. టీకాలు వచ్చాక, పదేళ్లలో అది టన్ను లోపుకు దిగింది. అక్కడ ఒక్కో చేపకూ సూది వేస్తారు. మా ఆరెకరాల్లోనే 12 వేల చేపలున్నాయి, ఒక్కోదాన్నీ పట్టి పొడవడం మావల్ల కాదు. మేతలో కలిపే టీకా మన శీలావతికి రావాలని నా కోరిక. ఈ కార్తీకానికి మాత్రం రెండు చెరువులకూ పొడి తెప్పించమని నాన్నే అన్నారు.